ఎంబీబీఎస్ తొలి సంవత్సరపు ప్రణాళిక: వార్డు నుంచి వెనక్కి రావడం

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరానికి ప్రణాళిక రాయడానికి కమిటీ కూర్చోగానే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ విభాగాల వారు తమ తమ పుస్తకాల విషయసూచికలు తెరిచి అధ్యాయాలకు గంటలు పంచడం మొదలుపెడతారు. మొదట్లో నేనూ అదే చేశాను. అలా తయారయ్యేది గంటల పంపకమే గాని ప్రణాళిక కాదు. అప్పటి భారత వైద్యమండలి 2019లో తెచ్చిన సామర్థ్య ఆధారిత ప్రణాళికలో అనాటమీకి 675, ఫిజియాలజీకి 495, బయోకెమిస్ట్రీకి 250 గంటలు కేటాయించారు. తర్వాతి సవరణల్లో ఈ అంకెలు మారాయి కాబట్టి మీ బ్యాచ్‌కు వర్తించే పట్టికను తాజా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఎన్ని గంటలన్నది పైనుంచి వస్తుంది. ఆ గంటల్లో ఏది దేని పక్కన రావాలన్నది మాత్రం కళాశాల చేతిలోనే ఉంటుంది, అసలు పని అక్కడే ఉంది.

అందుకని మొదటి ప్రశ్న పుస్తకాన్ని కాదు, వార్డును అడగాలి. ఈ విద్యార్థి రెండో ఏడాది వార్డులో అడుగుపెట్టినప్పుడు ఎవరిని చూస్తాడు, ఆ రోగి ముందు నిలబడేసరికి అతనికి ఏమి తెలిసి ఉండాలి? విశాఖపట్నంలో దీనికి జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఆంధ్ర వైద్య కళాశాల మొదలైన 1923లోనే ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఓపీ ముందు ఒక ఉదయం నిలబడితే చాలు: పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి రక్తహీనతతో వచ్చిన పిల్లలు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చిన రైతులు, నగరం నుంచి మధుమేహంతో వచ్చిన వారు ఒకే వరుసలో కనిపిస్తారు. వీటిలోంచి ఐదారు జబ్బులకు మించకుండా ఎంచుకోవాలి. రక్తహీనత, మధుమేహం, కామెర్లు, గుండెపోటు ఎక్కడైనా ఉండవలసినవే; వాటికి తోడుగా మన ప్రాంతానివి ఒకటి రెండు చేర్చాలి. ఆచార్యుల దగ్గర అందమైన స్లైడు ఉందన్న కారణంతో ఏ అరుదైన జబ్బునూ జాబితాలోకి రానివ్వకూడదు. ఈ మాట కమిటీలో చెప్పడం కొంచెం ఇబ్బందే, అయినా చెప్పాలి.

జబ్బులు ఎంచుకున్నాక, ఒక్కొక్కదానికీ విద్యార్థి ఏమి చేయగలగాలో రాయాలి. ‘అవగాహన పొందుతాడు’, ‘తెలుసుకుంటాడు’ అన్న క్రియలతో ముగిసే వాక్యాన్ని కొట్టేయండి, ఎందుకంటే దాన్ని పరీక్షించే మార్గం లేదు. ‘ప్లీహాన్ని (పొట్టలో ఎడమవైపు, రక్తాన్ని వడగట్టే అవయవం) శవంలో గుర్తించి, దాని రక్తనాళాల దారి చూపిస్తాడు’ అని రాస్తే పరీక్ష ఎలా పెట్టాలో ఆ వాక్యంలోనే ఉంటుంది. వైద్యవిద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్ ఇక్కడ పనికొస్తుంది: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపిస్తాడు, నిజంగా చేస్తాడు. తొలి సంవత్సరంలో ఎక్కువ అంశాలు మొదటి రెండు మెట్ల మీదే ఉంటాయి. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఏది ఏ మెట్టుదో ముందే తేల్చుకోవడం ముఖ్యం.

ఇప్పుడు ఒక్క వారాన్ని దగ్గరగా చూద్దాం. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ రక్తహీనతను ఎంచుకున్నామనుకోండి. సోమవారం బయోకెమిస్ట్రీలో హిమోగ్లోబిన్ నిర్మాణం చెప్పి, బీటా గొలుసులో ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తే ఏమవుతుందో అక్కడే ఆపాలి. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం 1949లో దీన్ని ‘అణువు జబ్బు’ అన్న సంగతి ఒక్క వాక్యంలో చెబితే చాలు. మంగళవారం ఫిజియాలజీలో ఆక్సిజన్ విడుదల వక్రరేఖ చెప్పి, ఆక్సిజన్ తగ్గినప్పుడే ఈ హిమోగ్లోబిన్ గొలుసుకట్టి కణాన్ని కొడవలిలా వంచుతుందన్న దగ్గరకు తీసుకురావాలి. బుధవారం అనాటమీలో ప్లీహం వస్తుంది. అక్కడ రక్తం మెల్లగా, తక్కువ ఆక్సిజన్‌తో ప్రవహిస్తుంది కాబట్టి జబ్బు పూర్తిస్థాయిలో ఉన్న పిల్లల్లో ఆ అవయవం చిన్నప్పుడే దెబ్బతిని కుంచించుకుపోతుందన్న సంగతి, బల్ల మీద ఉన్న మామూలు ప్లీహాన్ని చేతిలో పట్టుకున్న విద్యార్థికి ఇక మరిచిపోవడం కష్టం.

గురువారం ప్రయోగశాలలో సాల్యుబిలిటీ పరీక్ష చేయించాలి. సోడియం డైథయోనైట్ ఉన్న ద్రావణంలో ఒక చుక్క రక్తం వేసి, పరీక్షనాళిక వెనుక నల్లగీతలు గీసిన కాగితం పెడతారు. మామూలు రక్తమైతే గీతలు కనబడతాయి. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే ద్రావణం మసకబారి గీతలు మాయమవుతాయి. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోసే వాహకుడికీ జబ్బు మనిషికీ తేడా ఈ పరీక్ష చెప్పలేదని, దానికి ఎలక్ట్రోఫోరెసిస్ (విద్యుత్తుతో హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష) కావాలని అప్పుడే చెప్పేయాలి. లేకపోతే విద్యార్థి తర్వాత ఎవరినో అనవసరంగా భయపెడతాడు. శుక్రవారం పదిమంది చొప్పున వార్డుకు పంపితే, నాలుగు రోజులుగా విన్నదంతా ఒక బిడ్డ మంచం దగ్గర ఒకచోట చేరుతుంది.

వినడానికి సులువుగా ఉన్న ఈ అమరిక టైమ్‌టేబుల్‌లో ఎందుకు తప్పుతుందంటే, మూడు విభాగాలూ ఎవరి అలవాటు వరుసను వారు నమ్ముతారు. ఫిజియాలజీలో రక్తం మొదట్లోనే వస్తుంది. అనాటమీలో చేతులు, కాళ్లు, ఛాతీ అయ్యాక గాని పొట్ట తెరవరు. నేను పనిచేసిన ఒక చోట ప్లీహం పాఠానికీ హిమోగ్లోబిన్ పాఠానికీ మధ్య రెండు నెలలు గడిచాయి. ఆలోపు పిల్లలు మొదటిది మరిచిపోయారు, మేము మాత్రం దాన్ని సమన్వయం అని నివేదికలో రాసుకున్నాం. డిసెక్షన్ (శవాన్ని కోసి చదవడం) వరుస కదిలించడం కష్టమైనప్పుడు దాన్ని వదిలేసి, ఫార్మలిన్‌లో ఉంచిన మ్యూజియం నమూనాను ఆ వారానికి బయటకు తీయడం తేలిక మార్గం. ముగ్గురు విభాగాధిపతులు ఒకే పెద్ద కాగితం మీద పెన్సిలుతో వారాలు రాసుకుంటే, విడివిడిగా మెయిళ్లు పంపుకున్నదానికంటే పని త్వరగా తెములుతుంది.

వార్డుకు పంపేముందు భాష సంగతి మరిచిపోకూడదు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి వచ్చిన విశాఖ పిల్లలకు కూడా ‘ఒళ్లు పీకుతోంది’, ‘గుండె దడ’, ‘ఆయాసం’, ‘పసిరికలు’ అన్న మాటల వెనుక ఏ లక్షణముందో పట్టుకోవడం రాదు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వారి సంగతి చెప్పనక్కర్లేదు. ఏజెన్సీ నుంచి వచ్చే కొందరికి తెలుగు కూడా రెండో భాషే. తొలి సంవత్సరం ఆరంభంలో ఉండే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషకు ఇచ్చే గంటలను అక్షరాలు దిద్దించడానికి వాడకుండా, ఇలాంటి మాటల పట్టిక చేసి జంటలుగా ప్రశ్నలు వేయించాలి.

చివరిది పరీక్ష. పిల్లలు ప్రణాళిక చదవరు, పాత ప్రశ్నపత్రాలు చదువుతారు. కాబట్టి ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పే బ్లూప్రింట్‌ను ప్రణాళికతో పాటే తయారుచేయాలి: ప్రతి అంశానికీ దాని ప్రభావానికి 1 నుంచి 3, ఎదురయ్యే తరచుదనానికి 1 నుంచి 3 వేసి, రెండింటినీ గుణిస్తే మార్కుల నిష్పత్తి వస్తుంది. తరచుదనం వేసేటప్పుడు పుస్తకం చెప్పే అంకె కాకుండా మన ఆసుపత్రి రిజిస్టరు చూడాలి. సికిల్ సెల్‌కు తీర జిల్లాల్లో మరో కళాశాల 1 వేసుకుంటే అభ్యంతరం లేదు, ఏజెన్సీ రోగులు వచ్చే చోట 2 తక్కువేమీ కాదు. ఆ వారం పాఠాలన్నీ కలిపి ఒక కేసుగా ఒక దీర్ఘ ప్రశ్న పెట్టకపోతే, మూడు విభాగాలూ కలిసి చేసిన పనిని పిల్లలు కాలక్షేపంగానే చూస్తారు.

మొదటి బ్యాచ్ నడుస్తుండగా ప్రతి శనివారం పది నిమిషాలు కేటాయించి, ఏ పాఠం గంటలో ముగియలేదో, ఏది అరగంటలోనే అయిపోయిందో అదే పెద్ద కాగితం అంచున రాసుకోవాలి. వచ్చే ఏడాది కమిటీ కూర్చున్నప్పుడు విషయసూచికలకు బదులు ఆ కాగితాన్నే బల్ల మీద పరవండి.