గురక పెట్టే నాటుకోడికి మందు ఎలా పోయాలి?

గురక జబ్బుతో పోయిన కోళ్లకంటే మందు పోస్తుంటే పోయిన కోళ్లనే నేను ఎక్కువ చూశాను. రాత్రి గూట్లోంచి గుర్రు గుర్రుమని చప్పుడు వినపడగానే ఇంట్లో ఒకరు అల్లం దంచుతారు, ఒకరు కోడిని వెల్లకిలా పట్టుకుంటారు, ఇంకొకరు ముక్కు తెరిచి గడగడా పోసేస్తారు. పది నిమిషాల్లో కోడి కాళ్లు చాపేస్తుంది. "అయ్యో, జబ్బు ముదిరిపోయింది" అనుకుంటారు. ముదిరింది జబ్బు కాదండీ.

ముందు ఆ కోడిని మందలోంచి తీసి వేరే చోట పెట్టండి. గంప కింద మూయొద్దు, మిగతా కోళ్లు వచ్చి గంప సందుల్లోంచి ముక్కు పెడతాయి. అట్టపెట్టె, అడుగున గోనెపట్టా, గాలి ఆడే చోటు. అంతే. సూది తీసేసిన 5 ఎంఎల్ సిరంజి, గోరువెచ్చని ఉప్పునీళ్లు, దూది దగ్గర పెట్టుకోండి. మేత, నీళ్లు ముందు బాగున్న కోళ్లకు, చివర్లో జబ్బు కోడికి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంతకుమించి సరంజామా అక్కర్లేదు.

ఇప్పుడు జబ్బేమిటో చూడాలి. మే నెల మిట్టమధ్యాహ్నం కోడి నోరు తెరిచి వగరుస్తుంటే అది ఎండ, జబ్బు కాదు. నీడకు మార్చి చల్లటి నీళ్లు పెట్టండి. గురక వినాలంటే చీకటి పడ్డాక, మంద సద్దుమణిగాక, గూటి దగ్గర చెవి పెట్టి వినాలి.

గురకతో పాటు ముక్కు కారుతూ, కంటి మూలలో నురగ కడుతూ, మేత మాత్రం కాస్త తింటుంటే చాలాసార్లు అది సీఆర్‌డీ, అంటే మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బు. మొహం ఉబ్బి, కన్ను మూసుకుపోయి, ముక్కు దగ్గర కుళ్లు వాసన కొడితే కోరైజా. ఈ రెండూ బ్యాక్టీరియా జబ్బులు, మందుకు లొంగుతాయి. గురకతో పాటు ఆకుపచ్చగా పారుడు, రెక్కలు వాలిపోవడం, మెడ మెలి తిరగడం కనిపిస్తే కొక్కెర తెగులని అనుమానించాలి. డాక్టర్లు దాన్ని రాణికెట్ అంటారు. మన దేశంలో 1920ల్లో ఉత్తరాఖండ్ కొండల్లోని రాణికెట్ అనే ఊళ్లో బయటపడింది కాబట్టి ఆ పేరు. ఇంగ్లండ్‌లో అదే జబ్బును న్యూకాజిల్ అంటారు, అదీ ఊరి పేరే. ఇది వైరస్. దీనికి యాంటీబయాటిక్ పోయడమంటే డబ్బులు నీళ్లలో పోయడమే.

కోళ్లు ఒక్కసారిగా గుంపుగా పడిపోతుంటే, తల మీది ఎర్ర జుట్టు (తురాయి) నీలంగా మారితే అక్కడితో ఆగండి. కోయొద్దు, ఎవరికీ అమ్మొద్దు, వట్టి చేతులతో ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది మరిచిపోలేదు కదా. పశువైద్యశాలకు చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

బ్యాక్టీరియా జబ్బని డాక్టర్ చెబితే టైలోసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ రాస్తారు. మోతాదు కోడి బరువును బట్టి ఉంటుంది కాబట్టి తూకం వేసి తీసుకెళ్లండి. డాక్సీసైక్లిన్ వాడే రోజుల్లో గుల్ల పొడి ఆపేయండి, కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. రెండో రోజుకే గురక తగ్గిందని మానేయకుండా చెప్పినన్ని రోజులూ వేయాలి. తాగే నీళ్లలో కలిపేస్తే పోదా అంటారు చాలామంది. వందల కోళ్ల ఫారంలో అది సరే. పెరట్లో జబ్బు కోడి నీళ్లు సరిగ్గా తాగకపోవచ్చు, దానికి మందు సరిపడా ఎలా అందుతుంది? ఒక్కో కోడికి చేత్తో పోయడమే పద్ధతి. నేను అలాగే చేస్తాను, మీరూ అలాగే చేయండి.

ఇక అసలు పని, మందు పోయడం. చేతికి సిరంజి తీసుకునే ముందు కోడి నోరు తెరిచి ఒకసారి లోపలికి చూడండి. నాలుక వెనకాల చిన్న చీలిక ఒకటి కనిపిస్తుంది. ఊపిరి తీసినప్పుడల్లా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఊపిరితిత్తులకు దారి అదే. మనకు మింగేటప్పుడు ఊపిరి దారి మీద మూతలా పడేదొకటి ఉంటుంది, కోడికి ఆ మూత లేదు. తల వెనక్కి వంచి ధారగా పోస్తే మందు సరాసరి ఆ చీలికలోకే దిగుతుంది. మా వీధిలో ఒకావిడ పసిపిల్లకు పోసినట్టు ఉగ్గుగిన్నెతో అల్లం రసం పోసింది. కోడి రెండుసార్లు దగ్గింది, ముక్కు రంధ్రాల్లోంచి బుడగలొచ్చాయి, అంతే.

పట్టుకునేటప్పుడు కోడి నిలువుగానే ఉండాలి. ఎడమ చంకలో ఇరికించుకుని కాళ్లు ఒడిసిపట్టుకోండి, కానీ రొమ్ము నొక్కకండి. కోడికి మనలా ఉదరవితానం, అంటే రొమ్ముకూ పొట్టకూ మధ్య ఊపిరికి సాయపడే కండర పొర, లేదు; రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరాడుతుంది. గట్టిగా అదిమితే మందు అక్కర్లేకుండానే ప్రాణం పోతుంది. పట్టుకున్నాక వగరుస్తుంటే వదిలేసి పది నిమిషాలు ఆగండి. టెన్షన్‌లో ఉన్న కోడికి పోయొద్దు. నేనైతే దీపాలు పెట్టే వేళకే ఈ పని పెట్టుకుంటాను.

సిరంజి కొస ముక్కు పక్కనుంచి, మీ ఎడమ కాదు, కోడి ఎడమ పక్కనుంచి పెట్టి, కొస దాని కుడివైపుకు చూసేలా ఉంచండి. ఆహారనాళం మెడలో కుడివైపుకే దిగుతుంది. ఒక్క చుక్క వదలండి. ఆగండి. గొంతు కదిలి గుటక వేసిందా? అప్పుడు రెండో చుక్క. అర ఎంఎల్ పోయడానికి రెండు నిమిషాలు పడితే పట్టనివ్వండి. మధ్యలో దగ్గినా, గరగరమన్నా ఆపేసి తల కిందికి వంచండి, నోట్లోది బయటికి కారిపోతుంది. ఆ పూటకు ఇక చాలు. తల నిలబెట్టలేని కోడికి, స్పృహ లేని కోడికి నోట్లో ఏదీ వేయొద్దు, నీళ్లు కూడా. దానికి ఇంజెక్షనే దారి, అది డాక్టర్ పని.

మాత్ర అయితే ఇంకా తేలిక. పొడి చేసి శనగగింజంత అన్నం ముద్దలో పెట్టి నాలుక మీదుగా వెనక్కి తోయండి. సారా, బ్రాందీ మాత్రం కోడి నోటి దరిదాపులకు రానివ్వకండి. పసుపు, వెల్లుల్లి మేతలో కలుపుకుంటే మీ ఇష్టం, మందుకు బదులు మాత్రం కాదు.

రోజుకు రెండుసార్లు దూదిని ఉప్పునీళ్లలో ముంచి కళ్లు, ముక్కు తుడవండి. గూట్లో మీ తల కోడి తల ఎత్తుకు దించి వాసన చూడండి. కళ్లు మండితే ఊక మొత్తం ఎత్తిపోయాల్సిందే. ఆ ఘాటు పోనంతవరకూ ఏ మందూ పూర్తిగా పనిచేయదు.

మందు ఆపాక ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదో డాక్టర్‌ని అడగండి. కొక్కెరకు టీకాయే దిక్కు: మొదటి వారంలో పిల్లల కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారానికి ఆర్2బి. గురక పెడుతున్న కోళ్లకు మాత్రం టీకా వేయించకండి.

సీఆర్‌డీ నుంచి కోలుకున్న పెట్ట పైకి బాగానే కనిపించినా జబ్బును మోస్తూనే ఉంటుంది, గుడ్డు ద్వారా పిల్లలకూ ఇస్తుంది. డాక్టర్ చెప్పిన గడువు దాటాక ఆ గుడ్లు కూరకు వాడుకోండి, పొదగేయకండి.