సెలవుల్లో పిల్లలు అమ్మమ్మ ఊరికి వెళ్తున్నారా? మధ్యాహ్నం కాపలా ఎవరిదో ముందే తేల్చుకోండి

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూతపడితే మళ్లీ జూన్ రెండో వారం దాకా పిల్లలు మన బాధ్యతే. ఊరికి పంపేటప్పుడు టోపీలు, నీళ్ల సీసాలు, నూలు బట్టలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. నాకు మాత్రం ఎండ కంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఉండే సమయమంటేనే ఎక్కువ టెన్షన్. భోజనాలయ్యాక పెద్దలందరూ కూలర్ ముందు నడుం వాలుస్తారు. పిల్లలకేమో నిద్ర పట్టదు. అమ్మమ్మ చూస్తోందిలే అని అమ్మ, మామయ్య ఉన్నాడులే అని అమ్మమ్మ. చివరికి ఎవరూ చూడరు. అందుకే ఊళ్లో దిగిన రోజే వంతులు వేసుకోండి. ఇవాళ మేలుకుని ఉండేది ఫలానా వాళ్లు అని పేరు పెట్టి చెప్పుకోవాలి.

ఆ సమయంలో పిల్లల్ని ఎక్కువగా లాగేది నీళ్లే. వేసవిలో గోదావరి, కృష్ణా బాగా తగ్గి మోకాలి లోతే ఉన్నట్టు కనిపిస్తాయి. ఇసుక తవ్విన గుంత పక్కనే ఉంటుంది, పైకి తెలియదు. క్వారీ గుంతలు, గట్టులేని వ్యవసాయ బావులు కూడా అంతే. మునిగిపోతున్న వాడి కోసం ఈతరాని అన్న దూకుతాడు, అన్న కోసం బాబాయి దూకుతాడు. ఒక్కరితో పోవాల్సింది ముగ్గురి దాకా వెళ్తుంది. పదేళ్ల పిల్లలకైనా ఈ మాట నేర్పండి: దూకొద్దు, కేకలు వెయ్యి, తాడో చీరో పంచో విసురు, మూత బిగించిన ఖాళీ డబ్బా ఉంటే అదైనా విసురు. ఈత నేర్పించాలనుకుంటే ఈ సెలవులే మంచి సమయం. కానీ ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కన ఉండి నేర్పాలి.

రెండోది కారు. 2025 మేలో ఒక ఆదివారం విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటున్న నలుగురు చిన్నపిల్లలు ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు లాక్ పడిపోయాయి. నలుగురూ ఆ కారులోనే చనిపోయారు. ఆ వార్త చదివాక ఆగి ఉన్న ఏ కారునూ నేను మామూలుగా చూడలేకపోతున్నాను. ఎండలో ఉన్న కారులో పది నిమిషాలకే సుమారు పది డిగ్రీల వేడి పెరుగుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. కాబట్టి పెళ్లికో జాతరకో వచ్చిన చుట్టాలందరికీ చెప్పండి, దిగగానే లాక్ వేసి తాళం పిల్లలకు అందని చోట పెట్టమని. లోపల చిక్కుకుంటే హారన్ నొక్కుతూనే ఉండాలని పిల్లలకు ఒకసారి కారులో కూర్చోబెట్టి చూపించండి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది. పిల్లలు కనిపించకపోతే ముందు నీళ్లున్న చోట్లు, వెంటనే కార్లు చూడాలి. ఇల్లంతా వెతకడం ఆ తర్వాతే.

సాయంత్రాలు మామిడి తోటలో రాలిన కాయల కోసం పరుగులు ఉంటాయి. ఈదురుగాలి వస్తేనే కాయలు రాలతాయి, ఉరుములూ ఆ గాలితోనే వస్తాయి. ఉరుము వినిపిస్తే కాయలు వదిలేసి పక్కా ఇంట్లోకి రావాల్సిందే. చెట్టు కింద నిలబడకూడదు. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట ఆగాలి. పుణె వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులు పడే అవకాశాన్ని ముందే చెబుతుంది. తాతయ్య ఫోన్‌లో వేసి వాడడం చూపించండి.

ప్రయాణానికి పెద్దగా చెప్పేదేమీ లేదు. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. రైల్లో ఏ ఇబ్బందైనా 139.

విరేచనాలో వాంతులో అయితే ఓఆర్‌ఎస్ ఇస్తాం కదా, ఇక్కడొక మంచి వార్త. తియ్యటి పానీయాలను ఆ పేరుతో అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల లేబుళ్ల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మీరు కొనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం చేసిన పొడేనా అని చూడండి. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తల గీసిన ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు. ఆరు నెలల లోపు పసివాళ్లకు ఎంత ఎండైనా తల్లిపాలే చాలు, విడిగా నీళ్లు పట్టక్కర్లేదు.

ఇక ఫోన్‌కు వచ్చే వింత వార్తలు. ఎండాకాలం ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే బండి పేలుతుందని ఏటా తిరుగుతుంది. కంపెనీ చెప్పిన పరిమితి దాకా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ స్పష్టంగానే చెప్పింది. ఆ పుకారును నమ్మినా పెద్ద నష్టం లేదు. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదన్నది అలా కాదు. దాని ధైర్యంతో పిల్లల్ని ఎండలోకి వదిలేస్తారు. పిల్లాడు తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతూ మత్తుగా పడి ఉన్నా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు చల్లి విసరండి. మెడకు, చంకలకు తడిగుడ్డ పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకండి.