మెట్ల లైటు రెండు స్విచ్‌లతో సరిగా పనిచేయకపోతే: సమస్య - పరిష్కారం

కింద వేసి పైన ఆపుకునే మెట్ల లైటు మొరాయిస్తే వెంటనే స్విచ్‌లు మార్చేయకండి. ముందు లెక్కపెట్టండి. రెండు స్విచ్‌లకు కలిపి నాలుగు స్థితులు ఉంటాయి: రెండూ పైకి, రెండూ కిందికి, ఒకటి పైకి ఒకటి కిందికి, దానికి తిరగేసి. వైరింగ్ సరిగా ఉంటే వాటిలో రెండింట్లోనే బల్బు వెలగాలి.

అసలు ఎలా ఉండాలి

ఇలా రెండు చోట్ల నుంచి లైటు వేసి ఆపడానికి వాడే టూ-వే స్విచ్‌కి మూడు టెర్మినళ్లు (వైర్లు బిగించే చోట్లు): ఒక కామన్ (స్విచ్ ఎటు నొక్కినా మిగతా రెండింట్లో ఒకదానితో కలిసేది), రెండు పక్క టెర్మినళ్లు. ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) కింది స్విచ్ కామన్‌లోకి వస్తుంది. రెండు స్విచ్‌ల పక్క టెర్మినళ్లను జంట వైర్లు కలుపుతాయి. పై స్విచ్ కామన్ నుంచి వైరు బల్బుకి వెళుతుంది. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఏ స్విచ్‌లోకీ పోదు, నేరుగా హోల్డర్‌కే.

బోర్డు విప్పే ముందు మెయిన్ దించండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి. మెయిన్ దించినా లైట్ల లైన్లో 230 వోల్టులు ఉండేది దానివల్లే, చాలామందికి షాక్ కొట్టేది ఇక్కడే. టెస్టర్‌ని ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందని చూసుకున్నాకే నమ్మండి.

నాలుగింట్లో ఒక్కసారే వెలుగుతోంది

పై స్విచ్ ఒక వైపు ఉంటేనే కింది స్విచ్ పనిచేస్తుంది, రెండో వైపు ఉంటే ఎంత నొక్కినా చలనం ఉండదు. అందరూ ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇదే. కారణాలు మూడు.

ఈమధ్యే స్విచ్ మార్చి ఉంటే, కామన్‌లో ఉండాల్సిన వైరు పక్క టెర్మినల్లోకి వెళ్లి ఉంటుంది. చాలా మాడ్యులర్ స్విచ్‌లలో కామన్ మధ్యలోనే ఉంటుంది కానీ అన్నింట్లోనూ కాదు. వైర్లు తీసేసిన స్విచ్‌ని మల్టీమీటర్ కంటిన్యుటీలో (రెండు కొనల మధ్య దారి కలిసి ఉంటే బీప్ ఇచ్చే అమరిక) చూడండి: స్విచ్ ఎటు నొక్కినా మిగతా రెండింట్లో ఏదో ఒకదానితో బీప్ ఇచ్చేదే కామన్. పాత స్విచ్ విప్పేటప్పుడే కామన్ వైరుకి టేపు చుట్టి ఉంచితే ఈ తంటా ఉండదు.

వెనక రెండే టెర్మినళ్లు కనిపిస్తే అది వన్-వే స్విచ్, ఇక్కడ పనికిరాదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి షాపులో వెనక్కి తిప్పి చూసి కొనండి.

ఏమీ మార్చకుండానే మొదలైతే జంట వైర్లలో ఒకటి స్క్రూ దగ్గర ఊడి ఉంటుంది, లేదా పైపులో తెగి ఉంటుంది. ఇక్కడ టెస్టర్ మోసం చేస్తుంది: తెగిన వైరు కూడా పక్క వైరు ప్రభావంతో మసకగా వెలిగిస్తుంది. కంటిన్యుటీయే సాక్ష్యం. వైరు కొనని 8 మిల్లీమీటర్ల దాకా ఒలిచి, మెలిపెట్టి, స్క్రూ బిగించి, లాగి చూడండి.

ఎప్పుడూ ఆరడం లేదు

జంట వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. రెండు బోర్డుల్లోనూ విప్పి వాటి మధ్య కంటిన్యుటీ చూడండి. బీప్ వస్తే కొత్త వైర్లు లాగాల్సిందే.

ఆపినా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతోంది

స్విచ్‌లోకి ఫేజ్ బదులు న్యూట్రల్ వచ్చిందేమో ముందు చూడండి. అలా ఉంటే లైటు ఆరినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు ప్రమాదం. ఫేజ్, న్యూట్రల్ మార్చి కలపాలి. అది సరిగానే ఉంటే, స్విచ్‌లోని ఇండికేటర్ గుండా గానీ పక్కపక్కనే సాగే జంట వైర్ల మధ్య గానీ వచ్చే కొద్దిపాటి కరెంటే కారణం. ఇండికేటర్ లేని స్విచ్ వేయండి. అప్పటికీ తగ్గకపోతే హోల్డర్ దగ్గర ఫేజ్-న్యూట్రల్ మధ్య 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం (ఫేజ్-న్యూట్రల్ మధ్య నేరుగా పెట్టడానికి తయారైన) కెపాసిటర్ పెట్టించండి. మామూలు ఫ్యాన్ కెపాసిటర్ దానికి పనికిరాదు.

లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది

రెండు అంతస్తులకు వేర్వేరు ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్లు) ఉన్న ఇళ్లలో వచ్చే సమస్య ఇది. ఫేజ్ కింది లైన్ నుంచి, న్యూట్రల్ దగ్గరగా ఉందని పై లైన్ నుంచి తీసుకుని ఉంటారు. వెళ్లిన కరెంటు తిరిగి అదే ఆర్‌సీసీబీ గుండా రాదు కాబట్టి దాన్ని అది లీకేజీగా లెక్కేస్తుంది. 9 వాట్ల బల్బుకే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు పోతాయి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోవడానికి అది చాలు. ఆర్‌సీసీబీ చెడిపోయిందని మార్చినా, తీసేసి నేరుగా కలిపినా తప్పే. ఫేజ్ ఏ లైన్‌దో ఆ లైన్ న్యూట్రల్‌నే హోల్డర్ దాకా లాగించాలి.