బిర్లా సైన్స్ మ్యూజియానికి పిల్లలతో బయల్దేరే ముందు

• హైదరాబాద్‌లోని ఈ మ్యూజియం నౌబత్ పహాడ్ గుట్ట మీద ఉంది. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగినా గుట్ట ఎక్కక తప్పదు. నానమ్మో తాతయ్యో వెంట ఉంటే మారుమాట లేకుండా ఆటో ఎక్కేయండి.

• ప్లానెటేరియంలో (నక్షత్రశాలలో) తెలుగు షో ఎన్నింటికో ముందే కనుక్కోండి. లేకపోతే చిన్నవాళ్లు ఆ చల్లటి చీకట్లో హాయిగా నిద్రపోతారు, టికెట్ డబ్బులు దండగ. చీకటంటే భయపడే పిల్లలుంటే తలుపు దగ్గరి సీట్లు చూసుకోండి. ఫోన్ జేబులోనే ఉంచండి.

• డైనోసార్ హాలుకు ఆఖర్న హడావిడిగా వెళ్లకండి, అసలు చూడాల్సింది అక్కడే. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికాయి. దానికి 1988లో పేరు పెట్టారు. ఒక్క జంతువుది కాదు, చాలా జంతువుల ఎముకలు జోడించి నిలబెట్టారు. పుర్రె దొరకలేదు కాబట్టి తల తయారుచేసి పెట్టిందే. పిల్లలు అడిగితే చెప్పడానికి ఇది గుర్తుంచుకోండి. ఎముకల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి.

• సైన్స్ గ్యాలరీలో పిల్లలు మీట నొక్కి, ఏం జరుగుతుందో చూడకుండానే పక్కదానికి పరిగెత్తుతారు. కాస్త ఆపండి.

• మంచినీళ్ల సీసా, చిల్లర.