సంక్రాంతికి ఊరెళ్లే ముందు బ్యాండ్ బిగించుకోవాలనుకుంటున్నారా?

నవంబరు వచ్చిందంటే మెల్‌బోర్న్‌లో మన వాళ్లందరిదీ ఒకటే హడావుడి. డిసెంబరులో పిల్లలకు ఎండాకాలం సెలవులు ఇస్తే జనవరి చివరి దాకా బడి ఉండదు. మధ్యలో సంక్రాంతి. టికెట్లు, బట్టలు, బంధువులకు చాక్లెట్లు. గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్న మాలాంటి వాళ్లకు వీటితో పాటు ఇంకో ఆలోచన కూడా మొదలవుతుంది. "ఐదు వారాలు అమ్మ చేతి వంట, రెండు పెళ్లిళ్లు, అరిసెలు, జంతికలు. వెళ్లే ముందు ఇంకాస్త టైట్ చేయించుకుంటే తిండి దానంతటదే తగ్గుతుంది కదా!"

ఆ ఆలోచన దగ్గరే ఆగమని చెప్పడానికి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. పదేళ్లకు పైగా బ్యాండ్‌తో బతుకుతున్నదాన్ని. మీ విషయంలో ఆఖరి మాట మీ సర్జన్‌దే. కానీ ఆయన ముందు కూర్చుని ఏం అడగాలో, ఏం దాచకూడదో తెలియక నేను పడిన పాట్లు మీరు పడకూడదు.

బ్యాండ్ గురించి తెలియని ఇంటివాళ్లు కూడా చదువుతారని రెండు మాటలు. అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసే చోటికి కాస్త దిగువన, జీర్ణాశయం చుట్టూ, బరువు తగ్గడం కోసం ఒక సిలికాన్ పట్టీ తొడుగుతారు. అదే బ్యాండ్. దాని లోపలి వైపు బెలూన్ లాంటి పొర ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి గొట్టం వచ్చి, పొట్ట చర్మం కింద కుట్టిన పోర్టుకు కలుస్తుంది. పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. ఎక్కించడాన్నే ఫిల్ అంటాం. రకాన్ని బట్టి ఒక్కో బ్యాండ్‌లో 4 మి.లీ. నుంచి 14 మి.లీ. దాకా పడుతుంది. కాబట్టి ఫలానా ఆవిడకి 7 ఉందట, నాకు 5 మాత్రమే ఉంది అనే లెక్కలకు అర్థం లేదు. సరైన పట్టుకు దగ్గరపడ్డాక అర మి.లీ. కన్నా తక్కువ తేడాకే హాయిగా తినే మనిషి గుక్కెడు నీళ్లు మింగలేని స్థితికి రావచ్చు.

నాకు జరిగింది అదే. తమ్ముడి పెళ్లికి వెళ్తూ, ప్రయాణానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు నేనే అడిగి ఫిల్ వేయించుకున్నాను. ప్రయాణం ఎప్పుడని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మొదటి రెండు రోజులు ఎలాగూ ద్రవాలే కాబట్టి ఏమీ తెలియలేదు. మూడో రోజు మెత్తటి పప్పన్నం నెమ్మదిగా దిగింది. నాలుగో రోజు విమానంలో ఇచ్చిన చికెన్ ముక్క ఒకటి ఛాతీ మధ్యలో ఇరుక్కుంది. నోట్లో నురగ ఊరడం మొదలైంది. సింగపూర్‌లో దిగేసరికి నీళ్లు కూడా వెనక్కి వస్తున్నాయి. ఇంటికి చేరాక అమ్మ నా మొహం చూసి "ఏమైందే, ఇలా పీక్కుపోయావు?" అని బెంబేలెత్తిపోయింది. పెళ్లికొడుకుని చేసే రోజంతా పక్క గదిలో మంచం మీదే ఉన్నాను. రెండో రోజు సాయంత్రానికి విజయవాడలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే సర్జన్ ఒకరు దొరికారు. ఆయన 1 మి.లీ. సెలైన్ తీసి, కూర్చోబెట్టి గ్లాసు నీళ్లు తాగమన్నారు. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే ఏడుపొచ్చేసింది.

ముందు ఇది తేల్చుకోండి: ఫిల్ నిజంగా కావాలా?

బ్యాండ్ పని తిండికి అడ్డుకట్ట వేయడం కాదు, ఆకలి తగ్గించడం. కొంచెం తిన్నా కడుపు నిండినట్టుండి, మళ్లీ మూడు నాలుగు గంటల దాకా తిండి మీదికి మనసు పోకుండా చూడటం. ఇక్కడ మెల్‌బోర్న్‌లోనే మోనాష్ యూనివర్సిటీలో పనిచేసిన పాల్ ఓబ్రియన్ అనే సర్జన్ ఏళ్ల తరబడి నొక్కి చెప్పిన మాట ఇదే. బ్యాండ్ క్లినిక్కుల్లో చూపించే మూడు రంగుల పటంలోనూ ఉన్నది ఇదే. పసుపులో ఉంటే ఆకలి వేస్తుంది, పెద్ద పెద్ద ముద్దలు కూడా సులువుగా దిగుతాయి, బరువు తగ్గదు. ఆకుపచ్చలో ఉంటే కొంచెంతో తృప్తి కలుగుతుంది, బరువు నిదానంగా తగ్గుతుంది లేదా తగ్గిన చోట నిలుస్తుంది. ఎరుపులో ఉంటే మింగడం కష్టమవుతుంది, గుండెల్లో మంట, వాంతులు, రాత్రి పడుకున్నాక దగ్గు వస్తాయి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎరుపులో ఉన్నవాళ్లకూ బరువు తగ్గదు. కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. ఎందుకంటే పట్టీ మరీ బిగుసుకుంటే కూరగాయలు, మాంసం, చపాతీ దిగవు. ఐస్‌క్రీమ్, పాయసం, లస్సీ, బిస్కెట్లు టీలో ముంచుకుని తింటే మాత్రం జారిపోతాయి. తెలియకుండానే మనిషి వాటి వైపు మళ్లిపోతాడు. కడుపు నిండదు, కేలరీలు మాత్రం చేరతాయి. తూకం చూసుకుని "బరువు తగ్గట్లేదు, ఇంకొంచెం ఎక్కించండి" అని అడుగుతారు. నిజానికి వాళ్లకు కావలసింది ఎక్కించడం కాదు, తీయడం. ఇది నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

అందుకే ఫిల్‌కి వెళ్లే ముందు తూకం ఒక్కటే చూసుకోకండి. రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో రాయండి. తిన్నాక ఎన్ని గంటలకు నిజంగా ఆకలేసింది? ఒక పూటకు గట్టి ఆహారం ఎంత పట్టింది, అర కప్పా, కప్పున్నరా? ఎన్నిసార్లు ఇరుక్కుంది? రాత్రి పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చాయా, దగ్గుతో మెలకువ వచ్చిందా? ఐస్‌క్రీమ్, పాయసం లాంటివి రోజుకు ఎన్నిసార్లు? ఆ కాగితం చూపిస్తే డాక్టరుగారు ఐదు నిమిషాల్లో తేలుస్తారు. ఆకలి ఎక్కువగా ఉండి, ఇరుక్కోవడం, మంట ఏమీ లేకపోతే ఫిల్ గురించి మాట్లాడొచ్చు. వాంతులు, రాత్రి దగ్గు ఉంటే మాత్రం మీరు సంకోచించకుండా "కొంచెం తీయండి" అని అడగండి. తీయించుకుంటే ఓడిపోయినట్టు చాలామంది బాధపడతారు. అందులో ఓటమి ఏమీ లేదు. సర్దుకునే వీలు ఉంచడం కోసమే కదా ఈ బ్యాండ్‌కి పోర్టు పెట్టింది!

ఇంకొకటి. నిన్నటి దాకా బాగా పనిచేసిన బ్యాండ్ ఉన్నట్టుండి పట్టు వదిలేస్తే, దాని మీద మరో ఫిల్ వేయించేయకండి. ఎక్కడో లీక్ ఉండొచ్చు, పట్టీకి పైన జీర్ణాశయంలో మిగిలే చిన్న సంచి లాంటి భాగం సాగి ఉండొచ్చు. పోర్టులోంచి తీసినప్పుడు రాసి ఉన్న లెక్క కన్నా తక్కువ సెలైన్ వస్తే లీక్ అనే అనుమానించాలి. ఎక్స్‌రే కింద, అందులో కనిపించే ద్రవం తాగించి చూస్తే బ్యాండ్ సరైన చోట ఉందో జారిందో తెలుస్తుంది.

వేయించుకోవాల్సి వస్తే ఎప్పుడు?

ప్రయాణానికి కనీసం నాలుగు వారాల ముందు. ఫిల్ తర్వాత ఒకటి రెండు రోజులు ద్రవాలు, తర్వాత మెత్తటివి, ఆ తర్వాత గానీ మామూలు తిండి కాదు. పట్టు సరిపోయిందో లేదో తెలిసేది గట్టి ఆహారం మొదలుపెట్టాకే. సరిపోకపోతే మళ్లీ వెళ్లి సరిచేయించుకోవడానికి టైమ్ ఉండాలి. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా ఇక్కడ చాలా క్లినిక్కులు మూసి ఉంటాయన్నది మర్చిపోకండి. నవంబరు మధ్యకల్లా పని పూర్తి కాకపోతే ఇక ఊరు నుంచి తిరిగొచ్చాకే పెట్టుకోండి.

ఫిల్ అయిన వెంటనే క్లినిక్ గడప దాటొద్దు. అక్కడే నిటారుగా కూర్చుని గ్లాసు నీళ్లు తాగి, అవి హాయిగా దిగాక కదలండి. ప్రయాణం సంగతి ముందే చెప్పండి. దూర ప్రయాణాలకు కొందరు సర్జన్లు కొంచెం సెలైన్ తీసి పంపుతారు. ఆ మాట మీరే అడిగినా తప్పులేదు. ఐదు వారాల్లో ఒకటి రెండు కిలోలు పెరిగినా తిరిగొచ్చాక తగ్గించుకోవచ్చు. బ్యాండ్ జారితే మళ్లీ ఆపరేషన్ థియేటరే.

చేతి సంచిలో ఉండాల్సిన కాగితం

ఇండియాలో బరువు తగ్గించే ఆపరేషన్లు బాగానే జరుగుతున్నాయి కానీ ఎక్కువగా స్లీవ్ (జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేయడం), బైపాస్ (జీర్ణాశయంలో చాలా భాగాన్ని తప్పించి తిండి దారిని పేగుకు కలపడం). బ్యాండ్ చాలా తక్కువ. మిగతా దేశాల్లోనూ దాని జోరు తగ్గింది. అమెరికాలో 2011లో ఈ తరహా ఆపరేషన్లలో మూడో వంతు దాకా బ్యాండ్లే ఉండేవి, 2018 నాటికి నూటికి ఒకటి దగ్గరికి వచ్చేశాయి. మన ఊరి డాక్టరు బ్యాండ్‌ని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. అది ఆయన తప్పు కాదు. అందుకే మీ సర్జన్ చేత ఉత్తరం రాయించుకోండి. బ్యాండ్ కంపెనీ, రకం, ఆపరేషన్ తేదీ, ఇప్పుడు ఎన్ని మి.లీ. ఉంది, చివరి ఫిల్ ఎప్పుడు, పోర్టు పొట్టకు ఏ పక్కన ఎంత లోతులో ఉంది, అత్యవసరమైతే ఎంత తీయొచ్చు, ఇవన్నీ అందులో ఉండాలి. ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.

పోర్టుకు హ్యూబర్ సూది అనే ప్రత్యేకమైన సూది వాడతారు. మామూలు సూది పోర్టు పైపొరను కోసేసి లీక్ తెప్పించవచ్చు. కీమో పోర్టులకు వాడేదీ ఆ తరహా సూదే కాబట్టి క్యాన్సర్ వైద్యం జరిగే పెద్ద ఆసుపత్రుల్లో దొరుకుతుంది. ఇక్కడే ఒక పెద్ద జాగ్రత్త. పొట్ట మీద చేతికి తగిలే ఆ గుండ్రటి వస్తువును చూసి ఎవరైనా కీమో పోర్టు అనుకుని దాంట్లోంచి సెలైన్, మందులు ఎక్కించబోతే ప్రమాదం. "ఇది రక్తనాళంలోకి పోయే పోర్టు కాదు, దీంట్లో ఏమీ ఎక్కించకూడదు" అని ఉత్తరంలో పెద్ద అక్షరాలతో రాయించండి. మీ వెంట ఉండేవాళ్లకూ నేర్పండి.

వెళ్లే ముందే హైదరాబాద్, విజయవాడ, విశాఖ, మీకు ఏది దగ్గరైతే అక్కడ బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే సర్జన్ ఒకరిని వెతికి, బ్యాండ్ చూసిన అనుభవం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నొప్పి మొదలయ్యాక వెతకడం ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు.

విమానంలో, పెళ్లింట్లో

చాలామందికి పొద్దున్నే బ్యాండ్ బిగుతుగా అనిపిస్తుంది. నెలసరి రోజుల్లోనూ, నిద్ర లేనప్పుడూ, దిగులుగా ఉన్నప్పుడూ అంతే. ప్రయాణంలో నిద్ర లేకపోవడం, ఆందోళన రెండూ ఉంటాయి కాబట్టి విమానంలో మాంసం, బ్రెడ్ జోలికి పోకుండా సూప్, పెరుగు, మెత్తటి పప్పుతో సరిపెట్టుకోండి. నీళ్లు గుటక గుటకగా తాగుతూ ఉండండి.

ఊళ్లో నన్ను ఇబ్బంది పెట్టినవి మటన్ ముక్కలు, మునక్కాయ పీచు, చల్లారి ముద్దకట్టిన అన్నం, చపాతీ, పచ్చి కొబ్బరి. పెళ్లి బంతిలో కూర్చున్నప్పుడు అసలు ఇబ్బంది వంటకం కాదు, వేగం. పక్కవాళ్లు లేచేలోగా తినాలనే కంగారులో నమలడం మర్చిపోతాం. వీలైతే బంతికి ముందే ఇంట్లో తినేసి వెళ్లి, అక్కడ పెరుగుతో రెండు చెంచాలు తినండి. పిన్నులు, అత్తయ్యలు కొసరి కొసరి వడ్డిస్తారు. "ఒక్క ముద్దేనమ్మా" అంటారు. వాళ్ల ప్రేమను కాదనలేక తిన్న ఆ ఒక్క ముద్దే ఇరుక్కుంటుంది. బ్యాండ్ సంగతి అందరికీ చెప్పనక్కర్లేదు. "కడుపు ఆపరేషన్ అయింది పిన్నీ, డాక్టరు వద్దన్నారు" అంటే చాలు. వడ్డించే దగ్గర మీ మనిషి ఒకరిని పెట్టుకోండి. నాకు మా వదిన ఆ సాయం చేసింది.

ఇరుక్కుందని అనిపించగానే తినడం ఆపి, లేచి అటూ ఇటూ నెమ్మదిగా నడవండి. నీళ్లతో కిందికి తోయాలని చూడకండి, పైన నీళ్లు నిలిచి ఇంకా బాధపెడతాయి. దిగాక ఆ రోజుకు ద్రవాలే.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బ్యాండ్ ఉన్నవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. మళ్లీ మళ్లీ వాంతి చేసుకుంటే బ్యాండ్ జారే ప్రమాదం ఉంది. వాంతులు ఆపే మందు ఏది వాడాలో మీ డాక్టర్ని ముందే అడిగి తీసుకెళ్లండి, కాచి చల్లార్చిన నీళ్లే తాగండి. ఒంటినొప్పులకు మందుల షాపులో ఇచ్చే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవి జీర్ణాశయం పొరను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ వాడొచ్చు. షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు తిండి దిగని రోజున మోతాదు ఏం చేయాలో ముందే అడిగి రాసిపెట్టుకోండి.

ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి? ఉమ్మి కూడా మింగలేకపోతున్నా, కొన్ని గంటలుగా నీళ్లు నిలవకపోతున్నా, పొట్టలో గానీ ఛాతీలో గానీ నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వాంతిలో రక్తం కనిపించినా, జ్వరంతో పాటు పోర్టు చోట ఎర్రగా వాచినా తెల్లవారే దాకా ఆగకండి. వాటిలో చాలావాటికి బ్యాండ్‌లో సెలైన్ తీయడమే మొదటి వైద్యం. రెండు మూడు రోజులుగా వాంతులవుతూ ఏమీ తినకపోయి ఉంటే, గ్లూకోజ్ సెలైన్ పెట్టే ముందే విటమిన్ బి1, అంటే థయమిన్, ఇవ్వాలని డాక్టరుకు గుర్తుచేయండి. అది లోపిస్తే మెదడు, నరాలు దెబ్బతింటాయి. ఈ వాక్యం కూడా ఆ ఉత్తరంలో ఉండేలా చూడండి.

తిరిగొచ్చాక వెంటనే ఫిల్ కోసం ఫోన్ చేయకండి. రెండు వారాలు మామూలు తిండికి అలవాటుపడి, నోట్‌బుక్ మళ్లీ తీయండి. ఇండియాలో సెలైన్ తీయించుకుని ఉంటే ఎంత తీశారో రాసిన కాగితం తప్పకుండా తెచ్చుకోండి. అది లేకపోతే ఇక్కడ మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టాలి.