డ్రై సిరప్ కలపడం, వాడటం, పారేయడం ఎలా?

పిల్లలకు రాసే యాంటీబయాటిక్ చాలాసార్లు సీసాలో పొడిగానే వస్తుంది. నీళ్లు మనమే కలపాలి. "సీసా మీది గీత దాకా పోసి ఊపడమే కదా" అంటారు. తప్పు జరిగేది ఆ గీత దగ్గరే.

కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు, ఎం.ఎల్. గీతలున్న సూదిలేని సిరంజి, పెన్ను చాలు. పెట్టెలో నీళ్ల సీసా ఉంటే అదే వాడండి. బిడ్డకు పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా తేలి ఉంటే, మూత తీయకముందే డాక్టరుకు చెప్పండి.

ముందు సీసాను తలకిందులు చేసి అరచేతికేసి తట్టండి. అడుగున అంటుకున్న పొడి అంతా విడిపోయి జారాలి. సగం దాకా నీళ్లు పోసి, మూత బిగించి గట్టిగా ఊపండి. నీళ్లన్నీ ఒక్కసారే పోసేస్తే పొడి పైపైన తడిసి లోపల ఉండకట్టేస్తుంది. మా పెద్దాడికి అలా కలిపిన మందే పట్టాను. నాలుగో రోజు సీసా వంచి చూస్తే అడుగున గోరంత గడ్డ! అన్నాళ్లూ వాడికి అందింది పలచటి మందే.

ఇప్పుడు గీతకు కాస్త దిగువ దాకా పోసి మళ్లీ ఊపండి. ఆగండి. తెల్లటి నురగ లేచి గీతను తాకుతుంది, దాన్ని చూసి సరిపోయిందనుకోవద్దు. నురగ దిగాక మట్టం కిందికి జారి ఉంటుంది. సీసాను బల్ల మీద పెట్టి, మీరే వంగి, గీతను కంటికి ఎదురుగా చూస్తూ చుక్కచుక్కగా నింపండి. నీళ్లు తగ్గితే ప్రతి 5 ఎం.ఎల్.లో మందు ఎక్కువవుతుంది, మించితే తక్కువవుతుంది. వేడి నీళ్లు అసలు వద్దు, మందు చెడిపోతుంది.

కలిపిన తేదీ సీసా మీద రాయండి. అమోక్సిసిలిన్ (పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్), క్లావులానిక్ యాసిడ్ కలిసిన మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. సాధారణంగా 7 రోజులే గడువు, మీ సీసా మీద ఏముందో చూడండి. తలుపు అరలో పెట్టొద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. డీప్ ఫ్రీజర్‌లో అసలే వద్దు.

పట్టే ప్రతిసారీ ఊపండి. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, సిరంజితోనే కొలిచి బుగ్గ లోపలి వైపు మెల్లగా వదలండి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు, డాక్టరు చెప్పినన్ని రోజులూ పట్టండి.

మిగిలింది తమ్ముడికో చెల్లికో దాచకండి, సింకులో పోయకండి. మందుల షాపువాళ్లు వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి. లేదంటే మట్టిలో కలిపి, కవరులో గట్టిగా ముడేసి చెత్తలో వేయండి. సీసా మీద బిడ్డ పేరుంటే చెరిపేసి పడేయండి.