కాడి కట్టే ముందు ఎద్దు మెడ తడమండి

నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు పశువైద్య సహాయకుడిగా పనిచేశాను. ఆసుపత్రికి వచ్చిన ఎడ్లలో కొట్టడం వల్ల దెబ్బతిన్నవి తక్కువ. కాడి రాపిడికి మెడ పుండుపడి వచ్చినవే ఎక్కువ. వాటిని తోలుకొచ్చిన రైతులు క్రూరులు కారు. కనుమనాడు కొమ్ములకు రంగులేసి, ఏరువాక పున్నమికి పులగం తినిపించే ఇళ్లవాళ్లే.

ఒక వానాకాలం, విత్తనం పడే రోజుల్లో, ఒక రైతు ఎద్దు మెడ చూసి పని మాన్పించమని చెప్పాను. "పదును పోతాది సార్, రెండు దినాలాగి ఇప్పుతా" అన్నాడు. పదునంటే విత్తనానికి కావాల్సిన నేల తడి. మూడో రోజు ఆ ఎద్దు చేలోనే పడుకుంది. కాడి తీసి చూస్తే పుండు నిండా పురుగులు. అతను గట్టు మీద కూచుని ఏడ్చాడు. "మెడ మీద చెయ్యి పెడితే విదిలిస్తా ఉండె సార్, నేను పొగరనుకుంటి" అన్నాడు. నొప్పిని పొగరనుకోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అందుకే మొట్టమొదట నేర్చుకోవాల్సింది తడిమి చూడటం.

పొద్దున కాడి కట్టే ముందు మీ అరచెయ్యి మెడ మీద, మూపురానికి ముందు కాడి ఆనే చోట పెట్టి నిదానంగా జరపండి. వేళ్లతో గుచ్చొద్దు. వేడి తగిలినా, గట్టిగా ఉబ్బినట్టున్నా, వెంట్రుక రాలి చర్మం నున్నగా అయినా, మీ చెయ్యి తగలగానే ఎద్దు తల పక్కకు లాక్కున్నా ఆ రోజు కాడి కట్టొద్దు. ఎడమవైపు కట్టే దాపటెద్దునీ కుడివైపు కట్టే వెలపటెద్దునీ రెండింటినీ తడమండి. ఒకదాని మెడకీ ఇంకోదాని మెడకీ తేడా తెలిస్తే ఎక్కడో తప్పు జరుగుతోందని అర్థం.

ఆ తప్పు చాలాసార్లు కాడిలోనే ఉంటుంది. ఆనే చోట ముడులు, పగుళ్లు, లేచిన మేకులు ఉన్నాయేమో చూసి చిత్రిక పట్టించండి. జత ఎడ్లలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయితే బరువు పొట్టిదాని మీదికి వాలుతుంది. అలాంటి జతను ఎంత మెత్తగా చూసుకున్నా ఒకదాని మెడ పోతుంది, ఈడూ జోడూ చూసి మార్చుకోవడమే మార్గం. మెత్తగా ఉంటుందని గోనెపట్టా చుడతారు. మంచిదే, కానీ చెమటకూ వానకూ తడిసిన గోనె ఒట్టి కాడి కంటే ఎక్కువ ఒరుస్తుంది. రోజూ విప్పి ఎండబెట్టాలి. వానలో తడిసిన మెడను పొడిగుడ్డతో తుడిచి, ఆరాకే కట్టాలి.

బండి కట్టేవాళ్లు బరువు సర్దడం కూడా చూసుకోవాలి. ముందుకు ఎక్కువ వేస్తే భారమంతా మెడ మీద పడుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి మెడ కింది తాడు గొంతుకు బిగుస్తుంది. బరువు వేశాక, ఎడ్లను కట్టకముందు, కాడి దాకా వచ్చే బండి కర్రను, అంటే నొగను, పట్టుకుని మీరే ఎత్తి చూడండి. మీ చేతికి భారమైతే అది ఎద్దు మెడకూ భారమే.

మెడ అప్పుడే వాచి, ఇంకా పుండు పడకపోతే మొదటి రెండు రోజులు చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ పూటకు పావుగంట వేయండి. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్ల కాపడం. గడ్డ మెత్తబడి లోపల చీము ఉన్నట్టు అనిపిస్తే ఇంట్లో బ్లేడు పెట్టొద్దు, డాక్టర్ కోయాలి. పుండు పడితే కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, పొవిడోన్ అయోడిన్ రాసి, ఈగలు వాలకుండా పుండు చుట్టూ వేపనూనె పూయండి. పురుగు పడిందా, టర్పెంటైన్ ముంచిన దూది కాసేపు పెడితే పురుగులు బయటికి వస్తాయి, వాటిని పటకారుతో ఒక్కొక్కటీ తీసేయాలి. కాలిన ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ నీళ్లు పోసిన పుండ్లు కూడా చూశాను. అవి మాంసాన్ని కాలుస్తాయి, మాన్పవు. ఇనుము కాల్చి వాతలు పెట్టడమూ అంతే. ఆ వాత ఏ జబ్బునూ తగ్గించదు, ఇంకో పుండును ఇస్తుంది.

నొప్పికి మనుషుల మందుల షాపులో డైక్లోఫెనాక్ సూది కొనుక్కొచ్చి పొడిపించొద్దు. పశువులకు అది 2006 నుంచి నిషేధం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతాయి, మన దేశంలో రాబందులు దాదాపు కనబడకుండా పోయింది అందుకే. బదులుగా మెలాక్సికామ్ ఉంది, పశువైద్యుణ్ణి అడిగితే రాసిస్తారు. ఆసుపత్రి దూరమైతే 1962కు ఫోన్ చేయండి. మన రెండు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్స్ కోసం ఆ నంబరు ఉంది. ఫోన్లో ఊరి పేరు, పశువు, ఎప్పటి నుంచి నొప్పి, మేత మేస్తోందా లేదా అన్నవి వరుసగా చెబితే వాళ్లకు పని తేలిక.

పుండు మానింది కదా అని మర్నాడే దుక్కికి తోలొద్దు. కొత్త చర్మం గట్టిపడి, వెంట్రుక మొలిచే దాకా ఆగండి. మొదటి రోజు అరగంట ఒట్టి బండి చాలు. సాయంత్రం విప్పాక మళ్లీ తడమండి.

బండి లాగే, బరువు మోసే పశువుల పని గంటల విషయంలో 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. రోజుకు మొత్తం 9 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 దాకా పని చేయించనే కూడదు. మన సీమ ఎండలకు ఏప్రిల్, మే నెలలంతా ఈ లెక్కలోకే వస్తాయి. నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ రొప్పుతోందంటే వెంటనే విప్పి నీడకు తోలి ఒంటి మీద నీళ్లు పోయండి. పనిచేసే ఎద్దు ఎండాకాలంలో రోజుకు 40 లీటర్ల పైనే తాగుతుంది. బండిలో ఒక బిందె, బకెట్ ఎప్పుడూ ఉంచుకోండి.

మేకు కొట్టిన ముల్లుగర్ర ఆ నిబంధనల ప్రకారమే నిషేధం. చిన్నప్పుడు నేనూ ఎద్దును మా నాయన ముల్లుగర్రతో పొడిచినవాణ్ణే, ఆ తప్పు ఇప్పటికీ మనసులో ఉంది. తోక మెలిపెడితే లోపల ఎముకలు విరుగుతాయి, కొన్ని ఎడ్ల తోకలు వంకరపోవడానికి కారణం అదే. ముకుతాడు నైలాన్‌ది వద్దు, ముక్కును కోస్తుంది. నూలుతాడు వేసి, మాసినప్పుడల్లా మార్చండి. గిట్టలకు నాడాలు కొట్టించేటప్పుడు రోడ్డు మీద కాకుండా మెత్తటి నేల మీద పడుకోబెట్టండి. కోడెకు విత్తులు కొట్టించాలంటే రాళ్లతో నలిపేవాణ్ణి పిలవొద్దు, ఆసుపత్రిలో మత్తుసూది ఇచ్చి చేయమని అడగండి.

పక్కచేనివాడు పుండుతో ఉన్న ఎద్దును దున్నిస్తుంటే ఏం చేయాలి? గాయం, జబ్బు, ముసలితనం వల్ల పనికి తగని పశువును పనిలో పెట్టడం 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అంత చిన్న అంకెను ఇన్నేళ్లుగా మార్చకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. కావాలని పశువును చంపినా, అవిటిదాన్ని చేసినా మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. అలాంటిది చూస్తే ఫోటో, తేదీ, చోటు రాసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సిందే. కానీ పదును పోతుందన్న టెన్షన్‌తో తప్పు చేస్తున్న రైతు దగ్గరకు ముందు మీ ఎడ్లతో వెళ్లండి. నలుగురిలో తిడితే మొండికేస్తాడు. ఒక పూట దున్నిస్తానంటే కాడి దించుతాడు.

నేను మొదట చెప్పిన రైతుకు ఊళ్లో అదే చేశారు. ఇద్దరు పక్కచేలవాళ్లు తమ ఎడ్లు తోలుకొచ్చి ఒకటిన్నర రోజులో విత్తనం పూర్తి చేశారు. అతని ఎద్దు నలభై రోజులు కొట్టంలోనే ఉంది. రోజూ పొద్దున మెడ మీద చెయ్యి పెడితే మొదట్లో తల విదిలించేది. కార్తీకం వచ్చేసరికి చెయ్యి పెట్టినా నెమరు వేస్తూ నిలబడేది.